పాకెట్ మూలల్లో ఎండ్‌మిల్ కీచుమంటుంటే: ఫీడ్ ఎక్కడ, ఎంత, ఎలా తగ్గించాలి

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. ఫానుక్ 0ఐ కంట్రోల్ ఉన్న వీఎంసీ (నిలువు స్పిండిల్ సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్). జాబ్ ఈఎన్8 (మీడియం కార్బన్ స్టీల్). పాకెట్ (జాబ్‌లో తవ్వే గుంట) 80 × 50 ఎంఎం, లోతు 20, నాలుగు మూలలూ ఆర్6 (6 ఎంఎం రేడియస్). 12 డయా నాలుగు ఫ్లూట్ల (కోసే పళ్ల) కార్బైడ్ ఎండ్‌మిల్‌తోనే రఫింగ్ (ముతక కోత), ఫినిషింగ్ (ఆఖరి సన్న కోత) రెండూ. ఎస్2900 (నిమిషానికి తిరిగే చుట్లు), ఎఫ్700 (ఫీడ్, అంటే టూల్ నిమిషానికి జరిగే ఎంఎం). రఫింగ్‌లో పక్కకి 3.6 ఎంఎం, లోతు 10 చొప్పున రెండు పాస్‌లు. ఫినిషింగ్‌కి వాల్ మీద 0.2 స్టాక్ (కోయడానికి వదిలిన మెటల్). వాల్ వెంబడి శుభ్రంగా పోతోంది, మూల రాగానే కీచుమంటోంది. మూలకి కాస్త ముందు నుంచే వాల్ మీద గీతలు పడుతున్నాయి. కొద్ది జాబ్‌లకే ఫ్లూట్ అంచు చిట్లుతోంది. మూలల్లో ఫీడ్ తగ్గించాలా, తగ్గిస్తే ఎంత, ప్రోగ్రామ్‌లో ఎలా రాయాలి?

తగ్గించాలి. కానీ ఆర్6 మూలలో 12 డయా టూల్‌తో ఫినిషింగ్ చేసినంత కాలం ఫీడ్ ఎంత తగ్గించినా సగం జబ్బే నయమవుతుంది. ముందు మూలలో టూల్‌కి ఏమవుతోందో లెక్కతో చూడండి, ఏ మందు దేనికి వేయాలో తెలుస్తుంది.

టూల్ చుట్టుకొలతలో ఎంత భాగం మెటల్‌లో ఉందో దాన్ని డిగ్రీల్లో చెప్పుకుందాం. నేరుగా పోతున్నప్పుడు లెక్క సులువు: 1లోంచి (పక్క కోత ÷ టూల్ రేడియస్) తీసేస్తే ఆ కోణం కొసైన్ వస్తుంది. మీ రఫింగ్‌లో 3.6 ÷ 6 = 0.6, కొసైన్ 0.4, కోణం సుమారు 66 డిగ్రీలు. ఇప్పుడు టూల్ 90 డిగ్రీల మూలలోకి వెళ్తుంది. మూల రేడియస్, టూల్ రేడియస్ సమానం కాబట్టి ఎదురు వాల్ కూడా టూల్‌కి తగులుతుంది. మూల చివరికి చేరే సరికి ఆ 66కి ఇంకో 90 కలుస్తుంది, మొత్తం 156. నాలుగు ఫ్లూట్లకి పళ్ల మధ్య దూరం 90 డిగ్రీలు. నేరుగా పోయేటప్పుడు సగటున 0.73 పళ్లు కోతలో ఉంటే మూలలో 1.73 ఉంటాయి. అంటే లోడ్ ఒక్కసారిగా దాదాపు 2.4 రెట్లు. సగం డయా వెడల్పు కోస్తున్న టూల్ అయితే మూలలో పూర్తి స్లాట్ కొడుతున్నట్టే, 180 డిగ్రీలు.

ఫినిషింగ్‌లో ఇంకా దారుణం. స్టాక్ 0.2కి 12 డయా టూల్ కోత కోణం 15 డిగ్రీలే. మూలలో అది 105 అవుతుంది, ఏడు రెట్లు. రఫింగ్‌లో మీ చెవికి వినబడేది లోడ్ మోత. ఫినిషింగ్‌లో ఆ కీచు శబ్దం మాత్రం దీనివల్లే. సన్నగా గీకుతూ పోతున్న టూల్‌కి ఒక్కసారిగా పావు చుట్టు పైగా మెటల్ తగిలితే అది వణుకుతుంది.

దీనికి తోడు చిప్ మందం సంగతి. పక్క కోత తక్కువ ఉన్నప్పుడు చిప్ నిజమైన మందం పంటికి ఇచ్చిన ఫీడ్ కన్నా తక్కువ ఉంటుంది. పక్క కోత డయాలో 10 శాతమైతే కోణం 37 డిగ్రీలు, దాని సైన్ 0.6. అంటే పంటికి 0.1 ఇస్తే వచ్చే చిప్ 0.06 మాత్రమే. ఈ లెక్క చూసి చాలామంది ఫీడ్ పెంచుతారు, పంటికి 0.16 దాకా కూడా ఇస్తారు. నేరుగా పోయేటప్పుడు అది సరైన పనే. కానీ మూలలో కోణం 90 దాటగానే ఆ పలచబడడం పోతుంది, పూర్తి 0.16 పంటి మీద పడుతుంది. ఎక్కువ పళ్లు, ఒక్కో పంటికి ఎక్కువ మందం, రెండూ ఒకేసారి. హై స్పీడ్ రఫింగ్ అని యూట్యూబ్ చూసి ఫీడ్ పెంచి, టూల్‌పాత్ మాత్రం పాత పద్ధతిలో మూలల దాకా నేరుగా పోనిస్తే టూల్ విరిగేది ఇక్కడే.

రఫింగ్‌లో ఎంత తగ్గించాలి? నేను నమ్మే సూత్రం ఒకటే: అదే టూల్‌తో, అదే లోతులో, అదే మెటీరియల్‌లో పూర్తి స్లాట్ కొట్టాలంటే ఎంత ఫీడ్ ఇస్తారో మూలలో అంత ఇవ్వండి. కేటలాగ్‌లో సైడ్ మిల్లింగ్‌కి ఒక వరుస, స్లాటింగ్‌కి ఒక వరుస ఉంటాయి. ఆ రెండో వరుసే మీ మూల ఫీడ్. ఈఎన్8లో 12 డయాకి స్లాట్‌లో పంటికి 0.04 అనుకుంటే 4 × 0.04 × 2900 = 464, అంటే ఎఫ్450 పెట్టండి. ఎఫ్700లో సుమారు 65 శాతం. ఇది 10 ఎంఎం లోతుకి సరిపోతుంది. ఎవరైనా 20 లోతూ ఒకే పాస్‌లో తీస్తుంటే మాత్రం మూల ఫీడ్ తగ్గించి బయటపడలేరు. ఆ లోతులో స్లాటే కొట్టకూడదు కదా, మూల కూడా అంతే. అప్పుడు మార్చాల్సింది టూల్‌పాత్.

ఎక్కడి నుంచి తగ్గించాలి అన్నది ఎక్కువమంది తప్పు చేసే చోటు. మూల పాయింట్‌కి ఒక ఎంఎం ముందు తగ్గించి లాభం లేదు. క్రితం పాస్ మూలలో ఒక గుండ్రటి స్టాక్ వదిలి వెళ్లింది, టూల్ దానికి తగలడం మూలకి చాలా ముందే మొదలవుతుంది. ఆ దూరం = పక్క కోత + టూల్ రేడియస్ × కోత కోణం సైన్. మీ రఫింగ్‌కి 3.6 + 6 × 0.92, అంటే సుమారు 9 ఎంఎం. పక్క కోత 1.2 అయితే 1.2 + 3.6 = 4.8 ఎంఎం. ఫినిషింగ్‌లో స్టాక్ 0.2కి 1.7 ఎంఎం. వాల్ మీద గీతలు మూలకి కాస్త ముందు నుంచే కనబడుతున్నాయన్నారు, అవి మొదలయ్యే చోటు స్కేలుతో కొలిచి చూడండి, ఈ 1.7కి దగ్గరగానే ఉంటుంది.

మూల తిరిగాక మాత్రం లోడ్ వెంటనే పడిపోతుంది. కొత్త దిక్కులో టూల్ ముందు ఉన్నది మళ్లీ మామూలు కోతే. టూల్ వంగింది తిరిగి సర్దుకోడానికి ఒకటి, ఒకటిన్నర ఎంఎం నెమ్మదిగా పోనిచ్చి పూర్తి ఫీడ్‌కి వచ్చేయొచ్చు. మూలకి ముందూ వెనకా సమానంగా 5 ఎంఎం చొప్పున ఫీడ్ తగ్గించిన ప్రోగ్రామ్‌లు చూస్తుంటాను. ముందు చాలదు, తర్వాత దండగ.

ఇక టూల్ డయా. మూల రేడియస్ కన్నా టూల్ రేడియస్ తక్కువ ఉండాలి. ఆర్6 మూలకి ఫినిషింగ్‌లో 10 డయా వాడండి. అప్పుడు టూల్ సెంటర్ మూలలో ఆగి దిక్కు మారదు, 1 ఎంఎం రేడియస్ ఆర్క్ మీద తిరుగుతుంది. 0.2 స్టాక్‌కి మూలలో కోత కోణం 105 బదులు 50 డిగ్రీల లోపే ఉంటుంది. దీనికి ఒక మూల్యం ఉంది. టూల్ వంగడం డయా నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది, కాబట్టి అదే ఓవర్‌హ్యాంగ్‌లో (హోల్డర్ బయటికి ఉండే టూల్ పొడవు) 10 డయా టూల్ 12 కన్నా సుమారు రెండు రెట్లు వంగుతుంది. ఓవర్‌హ్యాంగ్ మూడో ఘాతం: 40 ఎంఎం బయటికి పెట్టిన టూల్‌ని 50కి లాగితే వంగడం దాదాపు రెండింతలు. మీ పాకెట్ లోతు 20 కాబట్టి కొలెట్ నట్ జాబ్‌కి తగలకుండా 25 నుంచి 28 ఓవర్‌హ్యాంగ్ చాలు. అక్కడ 10 డయా గట్టిగానే నిలబడుతుంది. చాలా షాపుల్లో టూల్‌ని హోల్డర్‌లోంచి 45, 50 బయటికి లాగి పెట్టి, తర్వాత చాటర్‌కి (టూల్ వణుకుకి) ఫీడ్‌ని తిడతారు.

చిన్న టూల్ వేయగానే ఇంకో లెక్క తెర మీదికి వస్తుంది. మనం ప్రోగ్రామ్‌లో ఇచ్చే ఎఫ్ టూల్ సెంటర్ వేగం. నేరుగా పోయేటప్పుడు సెంటర్ వేగం, వాల్ దగ్గర అంచు వేగం ఒకటే. లోపలి ఆర్క్‌లో ఒకటి కావు. సెంటర్ 1 ఎంఎం రేడియస్ మీద తిరుగుతుంటే అంచు 6 ఎంఎం రేడియస్ మీద తిరుగుతుంది. 10 డయాకి ఎస్3500, పంటికి 0.05 అంటే ఎఫ్700. మూలలోనూ అదే ఎఫ్700 ఉంచితే వాల్ దగ్గర ఫీడ్ 4200 ఎంఎం. పంటికి 0.05 ఇచ్చాననుకున్నది 0.3 అయి కూర్చుంది! ఫినిష్ ఎందుకు బాగుంటుంది?

సరైన సెంటర్ ఫీడ్ = వాల్ ఫీడ్ × (మూల రేడియస్ − టూల్ రేడియస్) ÷ మూల రేడియస్. మీకు 700 × 1 ÷ 6 = 117, ఎఫ్120 పెట్టండి. ఇంత తక్కువా అని భయపడక్కర్లేదు. ఆ ఆర్క్ మీద సెంటర్ నడిచే దూరం 1.57 ఎంఎం, ఎఫ్120 దగ్గర ముప్పావు సెకను పడుతుంది. నాలుగు మూలలకీ కలిపి ఒక ఫినిష్ పాస్‌కి మూడు సెకన్లు. ఈ మూడు సెకన్లకి సైకిల్ టైం పెరుగుతుందని వాదించే సూపర్‌వైజర్ ఉంటే, విరిగిన కార్బైడ్ టూల్ బిల్లు చూపించండి.

బయటి ఆర్క్‌లో వ్యవహారం తలకిందులు. ఆర్6 బయటి మూల చుట్టూ 10 డయా తిరిగితే సెంటర్ రేడియస్ 11, వాల్ దగ్గర ఫీడ్ ఇచ్చిన దాంట్లో 55 శాతమే. అక్కడ ఫీడ్ తగ్గించాల్సిన పనే లేదు, కోత కోణం కూడా తగ్గుతుంది.

చేత్తో రాసే ఫినిష్ ప్రోగ్రామ్ ఇలా ఉంటుంది. జీరో పాకెట్ మధ్యలో, వాల్ కొలతలతోనే, జీ41 (టూల్ రేడియస్ మేరకు పాత్‌ని కంట్రోలే పక్కకి జరిపే కట్టర్ కాంపెన్సేషన్) ఆన్‌లో, వాల్ మధ్యలో ఆర్క్‌తో లోపలికి దిగి కింది వాల్ వెంట కుడివైపుకి వెళ్తున్నాం:

జీ01 ఎక్స్31. వై-25. ఎఫ్700
ఎక్స్34. ఎఫ్350
జీ03 ఎక్స్40. వై-19. ఆర్6. ఎఫ్120
జీ01 వై-17.5 ఎఫ్350
వై16. ఎఫ్700
వై19. ఎఫ్350
జీ03 ఎక్స్34. వై25. ఆర్6. ఎఫ్120

ఇలాగే మిగతా రెండు మూలలు. మధ్యలో ఎఫ్350 మెట్టు ఎందుకంటే 700 నుంచి ఒకేసారి 120కి పడిపోతే ఆ చోట వాల్ మీద సన్నటి నిలువు గీత పడుతుంది. టూల్ మీద ఒత్తిడి హఠాత్తుగా తగ్గి, వంగిన టూల్ నిటారవుతుంది. ఎఫ్ ఒకసారి రాస్తే మళ్లీ మార్చేదాకా అదే నడుస్తుంది (మోడల్ కోడ్) కాబట్టి ఒక్క బ్లాక్‌లో తిరిగి ఎఫ్700 రాయడం మరిచిపోతే తర్వాతి వాల్ అంతా 120 మీద పాకుతుంది. ఫీడ్‌లని వేరియబుల్స్‌లో పెట్టుకోవడం మేలు: ప్రోగ్రామ్ మొదట్లో #101=700, #102=350, #103=120 అని రాసి, బ్లాకుల్లో ఎఫ్#101, ఎఫ్#102, ఎఫ్#103 వాడండి. మెటీరియల్ మారితే మూడు అంకెలు మారిస్తే చాలు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఫానుక్‌లో కట్టర్ కాంపెన్సేషన్ ఆన్‌లో ఉన్నప్పుడు లోపలి ఆర్క్‌ల ఫీడ్‌ని కంట్రోలే తగ్గించే ఏర్పాటు ఉంటుంది. పైన మనం వేసిన సూత్రమే, సెంటర్ రేడియస్ ÷ ప్రోగ్రామ్ రేడియస్. ఎంత వరకు తగ్గొచ్చో పారామీటర్ 1710లో ఉంటుంది. మీ మెషీన్‌లో అది పనిచేస్తుంటే మీరు రాసిన 120ని అది మళ్లీ ఆరో వంతుకి కోస్తుంది, టూల్ అక్కడే రుద్దుతూ నిలబడుతుంది. గాలిలో ఒకసారి నడిపి, ఆర్క్ బ్లాక్‌లో స్క్రీన్ మీద యాక్చువల్ ఫీడ్ చూడండి. 20 దగ్గర కనబడితే మీ తగ్గింపు తీసేసి ఆర్క్‌లోనూ ఎఫ్700 ఉంచండి, మిగతాది కంట్రోల్ చూసుకుంటుంది.

ఇంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న, ఫినిష్ టూల్‌కి మూలలో నిజంగా 0.2 స్టాకే ఉందా అని. రఫింగ్ 16 డయాతో చేశారనుకోండి, మూలలో ఆర్8 మిగిలింది. వాల్ మీద 0.2 ఉన్నా మూల మధ్యలో, 45 డిగ్రీల గీత మీద, మిగిలిన మెటల్ 1.1 ఎంఎం. ఫినిష్ టూల్ అయిదు రెట్లకి పైగా స్టాక్‌ని ఢీకొంటుంది. దీనికి ఫీడ్ తగ్గించడం మందు కాదు. ఫినిషింగ్‌కి ముందు 10 డయాతో నాలుగు మూలలు మాత్రమే రెండు మూడు మెట్లలో తీసేసి అక్కడా 0.2, 0.3 స్టాక్ ఉండేలా చూసుకోవాలి. 12 డయాతో మీరు చేస్తున్న రఫింగ్ ఈ ఒక్క విషయంలో నయం, మూలలో స్టాక్ 0.28 మాత్రమే మిగులుతుంది. కాకపోతే ఆ రఫింగ్ టూల్ దానికి పంటితో వెల కడుతోంది.

పాతకాలపు టూల్‌రూమ్ చిట్కా ఒకటి ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది: పాకెట్ మొదలుపెట్టక ముందే నాలుగు మూలల్లో డ్రిల్ వేసేయడం. మీ మూల ఆర్క్ సెంటర్లు ఎక్స్ ±34, వై ±19. అక్కడ 11.5 డ్రిల్ వేస్తే వాల్‌కి 0.25 స్టాక్ మిగులుతుంది. ఎండ్‌మిల్ మూలకి వచ్చేసరికి అక్కడ మెటలే ఉండదు. 118 డిగ్రీల డ్రిల్ ముక్కు ఎత్తు డయాలో సుమారు 0.3 వంతు, అంటే దాదాపు 3.5 ఎంఎం. డ్రిల్ కొస జెడ్-19.8 దగ్గర ఆపితే అడుగున ఆ చివరి 3.5 ఎంఎంలో కోన్ ఆకారంలో మెటల్ మిగులుతుంది. రెండో రఫింగ్ పాస్ అడుగు భాగంలో లోడ్ కొంత ఉంటుందని గుర్తుంచుకోండి, మూల ఫీడ్ పూర్తిగా ఎత్తేయకండి.

జీ62 గురించి. ఫానుక్‌లో ఆటోమేటిక్ కార్నర్ ఓవర్‌రైడ్ ఇదే. లోపలి మూల రాగానే ఫీడ్‌ని తనంతట తాను తగ్గిస్తుంది, రద్దుకి జీ64. ఎంత కోణం లోపు ఉంటే మూల అని గుర్తించాలో పారామీటర్ 1711, మామూలుగా 91 డిగ్రీలు ఉంటుంది, కాబట్టి 90 మూలలూ, అంతకన్నా ఇరుకు మూలలూ వస్తాయి. ఎంత శాతానికి తగ్గాలో 1712. మూలకి ఎంత ముందు మొదలవ్వాలో 1713, మూల దాటాక ఎంత దూరం కొనసాగాలో 1714. మీ రఫింగ్‌కి 1712లో 65, 1713లో 9 ఎంఎం, 1714లో 1.5 ఎంఎం పెట్టొచ్చు. పాత విలువలు రాసి పెట్టుకోకుండా పారామీటర్ ముట్టుకోవద్దు. యూనిట్ మైక్రాన్లా ఎంఎంలా అన్నది మీ మెషీన్ మాన్యువల్‌లోనే చూడండి.

"జీ62 పెట్టాను, ఏమీ మారలేదు" అని చెప్పేవాళ్లకి దాదాపు ఎప్పుడూ ఈ మూడింట్లో ఒకటి కారణం. జీ41 లేదా జీ42 ఆన్‌లో లేకపోతే అది పనిచేయదు, క్యామ్ (ప్రోగ్రామ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) నుంచి జీ40లో, అంటే కాంపెన్సేషన్ లేకుండా, సెంటర్ పాత్‌గా వచ్చిన ప్రోగ్రామ్‌కి జీ62 ఉన్నా లేనట్టే. ఆఫ్‌సెట్ విలువ సున్నా అయితే పనిచేయదు. క్యామ్‌లో వేర్ కాంపెన్సేషన్ ఎంచుకుని మెషీన్‌లో డీ ఆఫ్‌సెట్ (కాంపెన్సేషన్‌కి కంట్రోల్ వాడే విలువ) సున్నా ఉంచేవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. ఇంటర్‌పోలేషన్‌కి ముందే యాక్సిలరేషన్ లెక్క వేసే మోడ్‌లో కూడా ఇది ఆగిపోతుంది, అంటే జీ05.1 క్యూ1తో ఏఐ కాంటూర్ కంట్రోల్ వాడేవాళ్లు దీని మీద ఆశ పెట్టుకోవద్దు. కాంపెన్సేషన్ మొదలయ్యే బ్లాక్ పక్కనే మూల ఉన్నా లెక్కలోకి రాదు, అందుకే లీడ్-ఇన్ (టూల్ కోతలోకి దిగే చోటు) వాల్ మధ్యలో ఉండాలి.

ఏఐ కాంటూర్ కంట్రోల్ మూలల్లో ఫీడ్ తగ్గిస్తుంది కదా అని అడుగుతారు. తగ్గిస్తుంది, కానీ అది మెషీన్ కోసం. యాక్సిస్‌లో వేగం మార్పు, యాక్సిలరేషన్ హద్దు దాటకుండా చూసుకుంటుంది. టూల్ ఎంత మెటల్‌లో ఉందో దానికి తెలీదు. 1 ఎంఎం ఆర్క్ మీద ఎఫ్700 అంటే యాక్సిలరేషన్ గురుత్వంలో ఒకటిన్నర శాతం లోపే, ఏ మెషీన్ అయినా పట్టించుకోదు, అదే వేగంతో తిప్పేస్తుంది. అల్యూమినియంలో ఎఫ్4000తో అదే ఆర్క్ అయితే గురుత్వంలో 45 శాతం దాకా వెళ్తుంది, అప్పుడు తగ్గొచ్చు. హాస్ కంట్రోల్‌లో జీ187 కూడా ఇదే కోవ, పీ1 రఫ్, పీ3 ఫినిష్, ఈతో మూల గుండ్రదనం హద్దు. అది మూల ఆకారం సంగతి, టూల్ లోడ్ సంగతి కాదు.

సీమెన్స్ కంట్రోల్ వాడేవాళ్లకి పని సులువు. సీఎఫ్‌సీ రాస్తే ఎఫ్ వాల్ దగ్గర ఫీడ్‌గా తీసుకుని లోపలి ఆర్క్‌లో తగ్గిస్తుంది, బయటి ఆర్క్‌లో పెంచుతుంది. సీఎఫ్‌ఐఎన్ అయితే లోపల మాత్రమే తగ్గిస్తుంది, బయట పెంచదు. నా ఓటు సీఎఫ్‌ఐఎన్‌కే, బయటి చిన్న ఆర్క్‌లో ఫీడ్ దాదాపు రెండింతలు అవడం ఎవరికీ అక్కర్లేదు. మూల దగ్గర తగ్గింపుకి అక్కడా జీ62 ఉంది, జీ41 లేదా జీ42 ఆన్‌లో ఉండాలి. రద్దుకి ఎఫ్‌ఈఎన్‌డీనార్మ్. హైడెన్‌హైన్‌లో ఎం109 లోపలా బయటా రెండింటికీ, ఎం110 లోపలికి మాత్రమే, రద్దు ఎం111.

క్యామ్‌లో చేసేవాళ్లు: ఫ్యూజన్ సాఫ్ట్‌వేర్‌లో 2డీ కాంటూర్, 2డీ పాకెట్ రెండింట్లోనూ పాసెస్ ట్యాబ్ కింద ఫీడ్ ఆప్టిమైజేషన్ ఉంటుంది. రెడ్యూస్డ్ ఫీడ్ డిస్టెన్స్‌లో పైన చెప్పిన దూరం, రెడ్యూస్డ్ ఫీడ్‌రేట్‌లో మూల ఫీడ్, ఓన్లీ ఇన్నర్ కార్నర్స్ టిక్ చేయండి. రెడ్యూస్డ్ ఫీడ్ రేడియస్ మీద శ్రద్ధ పెట్టండి. సెంటర్ పాత్ ఆర్క్ రేడియస్ ఆ విలువ కన్నా పెద్దదైతే అది మూలగా లెక్కలోకి రాదు. మన 1 ఎంఎం ఆర్క్‌కి అక్కడ 1 కన్నా ఎక్కువ, 1.5 పెట్టాలి. రఫింగ్‌కి మాత్రం అడాప్టివ్ వాడగలిగితే ఈ తలనొప్పంతా ఉండదు. అది మూలలో కోత కోణం పెరగనివ్వకుండా చిన్న చిన్న లూపులుగా తీస్తుంది. ఫీడ్ తగ్గించాల్సిన అవసరమే రాదు. కాకపోతే అది మూలలో టూల్ రేడియస్ కన్నా పెద్ద గుండ్రదనం వదులుతుంది, కాబట్టి మూలల రెస్ట్ మెషినింగ్ (మిగిలిన మెటల్ తీసే పాస్) తప్పదు. క్యామ్‌లో తగ్గించి, మెషీన్‌లో మళ్లీ జీ62 పెట్టొద్దు. రెండు చోట్లా కోస్తే ఫీడ్ మిగలదు.

ఫీడ్ మరీ తగ్గిస్తే ఏమవుతుందో కూడా తెలియాలి. ఆర్‌పీఎం మారకుండా ఫీడ్ తగ్గితే పంటికి వచ్చే చిప్ సన్నబడుతుంది. అంచు గుండ్రదనం కన్నా సన్నబడితే పన్ను కోయదు, రుద్దుతుంది. ఈఎన్8లో అది మెరిసే మచ్చగా కనబడుతుంది. ఎస్‌ఎస్304 స్టెయిన్‌లెస్ స్టీల్‌లో అయితే ఆ చోటు గట్టిపడి, తర్వాతి పాస్‌లో టూల్‌ని తినేస్తుంది. కాబట్టి నేరు కోతలో వాల్ దగ్గర పంటికి 0.02 కన్నా తక్కువకి పోకండి. ఫీడ్ తగ్గించగానే కీచు శబ్దం పెరిగిందా? అది లోడ్ కాదు, చాటర్. అప్పుడు ఫీడ్ తిరిగి పెంచి ఆర్‌పీఎంని 15, 20 శాతం తగ్గించి చూడండి. మూల మూలకీ ఎస్ మార్చడం కుదరదు, స్పిండిల్ సర్దుకునే లోపు మూల దాటిపోతుంది. ఫినిష్ పాస్ మొత్తానికీ ఆర్‌పీఎం తగ్గించాలి, లేదా మూలలని విడి ఆపరేషన్‌గా తీయాలి.

జీ61, జీ09 ఎగ్జాక్ట్ స్టాప్‌ని ఫీడ్ తగ్గింపుకి ప్రత్యామ్నాయంగా వాడొద్దు. అవి టూల్‌ని మూలలో ఆపేస్తాయి, లోపలి మూలలో ఆగిన టూల్ వాల్‌లో గుంట చేస్తుంది. బయటి మూల పదునుగా రావాల్సిన చోట అవి పనికొస్తాయి. ఫీడ్ ఫార్వర్డ్ (యాక్సిస్ వెనకబాటుని ముందే సరిచేసే ఏర్పాటు) లేని పాత మెషీన్‌లో లూప్ గెయిన్ (సర్వో స్పందన వేగం) 30 ఉంటే, అంటే పారామీటర్ 1825లో 3000 ఉంటే, ఎఫ్700 దగ్గర యాక్సిస్ దాదాపు 0.39 ఎంఎం వెనకబడి నడుస్తుంది. జీ64లో 90 మూల అందులో సగం దాకా గుండ్రబడొచ్చు. డయాగ్నసిస్ 300లో ఆ వెనకబాటు మీకే కనబడుతుంది. అలాంటి బయటి మూలలకి ఆ ఒక్క బ్లాక్‌లో జీ09 రాయండి, ప్రోగ్రామ్ మొత్తానికి జీ61 వద్దు.

మూలలన్నీ 90 ఉండవు. కోత కోణానికి కలిసేది 180 లోంచి మూల కోణం తీసేస్తే వచ్చేది. 135 డిగ్రీల మూలకి 45 మాత్రమే, ఫీడ్ 80 శాతం ఉన్నా నడుస్తుంది. 60 డిగ్రీల ఇరుకు మూలకి 120 కలుస్తుంది. అక్కడ చిప్‌కి బయటికి పోయే దారి కూడా ఉండదు, కోసిన చిప్‌నే టూల్ మళ్లీ కోస్తుంది. కూలెంట్ నాజిల్ ఒకటైనా మూలలోకి పై నుంచి గురిపెట్టండి. ఈఎన్8లో గట్టి ఎయిర్ బ్లాస్ట్ కూడా సరిపోతుంది.

మార్పులు ఒక్కొక్కటిగా చేయండి. ముందు ఓవర్‌హ్యాంగ్ 28కి తగ్గించండి, తర్వాత ఫినిష్‌కి 10 డయా వేయండి, తర్వాత ఆర్క్ ఫీడ్, చివరికి రఫింగ్ మూల ఫీడ్. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. ఆపరేటర్ చేతిలో ఫీడ్ ఓవర్‌రైడ్ నాబ్ 100 మీదే ఉందో లేదో చూసుకోండి. మూల రాగానే నాబ్ తిప్పే అలవాటున్న షిఫ్ట్‌లో మీ అంకెలకి అర్థం ఉండదు.

చివరగా కొలత. క్లైంబ్ మిల్లింగ్‌లో (పన్ను చిప్‌ని మందం వైపు నుంచి సన్నం వైపుకి కోసే పద్ధతిలో) లోడ్ పెరిగిన టూల్ వాల్ నుంచి దూరంగా వంగుతుంది, కాబట్టి వాల్ మధ్యలో 50.00 చూపించిన పాకెట్ మూలల దగ్గర తక్కువ చూపిస్తుంది. పాకెట్‌లో కూర్చోవాల్సిన ఇన్‌సర్ట్ బ్లాక్ లోపలికి దిగకుండా మూలల్లోనే పట్టేస్తుంది. బోర్ డయల్ గాని, స్లిప్ గేజ్‌లు గాని మూల ఆర్క్ ముగిసిన 2 ఎంఎం దగ్గర ఒకసారి, వాల్ మధ్యలో ఒకసారి పెట్టి చూడండి. తేడా 0.02 దాటితే డీ ఆఫ్‌సెట్ మార్చకండి, మార్చితే వాల్ మధ్యలో వదులవుతుంది. అదే ఆఫ్‌సెట్‌తో, అదే ఫీడ్‌లతో ఇంకొక స్ప్రింగ్ పాస్ పోనివ్వండి.